తాండూరు, వికారాబాదు వర్తకులు - వ్యవహార ధర్మము

వర్తకము పుట్టినచోటనే తగవును బుట్టును. సరకు చేరిన పిదప తూకము తగ్గినదని యొకడు, వాయిదా దాటినను రొక్కము ముట్టలేదని మఱియొకడు, పొత్తు విడినపుడు లెక్క తేలలేదని వేఱొకడు పెద్దలయొద్దకు వచ్చుట మన సంఘమున నెల్లకాలమును గలదు. మన ప్రాంతమున నిట్టి తగవులు ఏయే కాలములందు, ఎవరియెదుట, ఏ ధర్మము ననుసరించి తీరుచు వచ్చెనో మేమీ వ్యాసమున సంగ్రహముగా తెలుపబూనితిమి.

మనకు వాయవ్యమున, బీదరు జిల్లాలోనున్న బసవకల్యాణమే పూర్వము చాళుక్యుల రాజధానియైన కల్యాణి. 1076 మొదలు 1126 వఱకు రాజ్యమేలిన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు అచ్చట యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్యను రచించెను. ఆస్తిపంపకముల తగవులలో మాత్రమే దీనిని స్మరించుట నేడు వాడుకయైనది. కాని యందలి వ్యవహారాధ్యాయము వర్తకుల కంతకంటె ముఖ్యమైనది. అప్పు, పూచీ, కుదువ, సాక్షులు, పత్రము, పొత్తు వ్యాపారము - ఇవన్నియు నందు విచారింపబడినవి. 13వ శతాబ్దమున తిక్కన సమకాలికుడగు కేతన దీనిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి దెచ్చెను. వ్యవహారధర్మము తెనుగువారికి పరభాషలోనే తెలిసెననుట సరికాదు.

న్యాయము చెప్పువారి తారతమ్యమును మితాక్షర యిట్లు నిర్ణయించినది. రాజు నియమించిన అధికారులు ప్రథములు. వారి తరువాత పూగము. అనగా నొక యూర వసించు వేర్వేఱు జాతుల, వేర్వేఱు వృత్తుల వారి సమూహము. అటుపిమ్మట శ్రేణి; జాతి యేదైనను ఒకే వృత్తిచే జీవించువారి సంఘము. కడపట కులము, అనగా జ్ఞాతులు, బంధువులు. క్రిందివారి తీర్పునకు తృప్తిచెందనివాడు పైవారియొద్దకు పోవచ్చును గాని, పైవారు తీర్చినదానిని క్రిందివారు మరల విచారింపరాదు.

కులసంఘపు సంచికలో నీ మాట వ్రాయుటకు మేము సంకోచింపము. బంధువుల తీర్పునకు ధర్మశాస్త్రమే కడపటి స్థానమిచ్చినది. బంధువు తీర్పరియైనచో పక్షపాతశంక తప్పదు. అదియునుగాక వర్తకుని కెదుటిపక్షము తఱచుగా పరకులస్థుడు. తాండూరున కందులు తెచ్చు రైతు, నాపరాతి గని యజమాని, లారీ కిరాయిదారు మన కులసభకు లోబడినవారు కారు. వారితో వచ్చిన తగవును మనలో మనము తీర్చుకొంటిమనుట యొక పక్షము తీర్పే యగును.

ఇక నిజాము రాజ్యకాలము. 1853లో దివానైన సాలారుజంగు 1865లో జిలాబందీ నేర్పఱచి రాజ్యమును జిల్లాలుగా విభజించెను. 1874లో వాడి - సికిందరాబాదు రైలుమార్గము తెఱవబడగా తాండూరు, వికారాబాదు వర్తకులకు బొంబాయి బజారు దగ్గఱయైనది. అపరిచితులతో బేరము పెరిగినది. నోటిమాట చాలని దినములు వచ్చినవి. వికారాబాదునకు పేరు వికారుల్ ఉమ్రాయను పాయిగా ప్రభువువలన వచ్చినది. పాయిగాలకు తమ న్యాయస్థానములు వేఱుగా నుండెను. దివానీ ప్రాంతమున సర్కారు అదాలతులు వేఱు. తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాకు చేరియుండెను. న్యాయస్థానముల భాష 1880వ దశకమున పారసీకమునుండి ఉర్దూకు మాఱినది. తెనుగున చిట్టా, ఆవర్జా వ్రాసికొను సాహుకారు తన లెక్కను తానే చదివి వినిపింపజాలక, దానిని ఉర్దూలోనికి దింపువానిపై నాధారపడవలసి వచ్చెను. వాయిదా ఫసలీ సంవత్సరములో నుండెడిది. రొక్కము హాలీ సిక్కాయో, కల్దారో స్పష్టముగా వ్రాయనిచో నదియు నొక తగవే. 1950 నాటి మారకమున 7 హాలీ రూపాయలు 6 భారత రూపాయలకు సమానములు; ఈ వ్యత్యాసము చిన్నది కాదు.

మార్కెట్ల వ్యవహారమునకు 1339 ఫసలీ (1929-30)లో హైదరాబాదు రాజ్యము వ్యవసాయ మార్కెట్ల చట్టమును చేసెను. 1949లో జాగీరులు రద్దగుటతో ప్రభువుల న్యాయస్థానములు పోయినవి. 1951 ఏప్రిల్ 1 నుండి 1872 నాటి ఒడంబడికల చట్టము, 1932 నాటి భాగస్వామ్య చట్టము మొదలగునవి ఈ రాజ్యమునకు వర్తించినవి. 1956 నవంబరు 1న తాండూరు తాలూకా గుల్బర్గానుండి విడివడి ఆంధ్రప్రదేశమున హైదరాబాదు జిల్లాలో చేరెను.

ఈ చట్టములలో రెండు సంగతులు మనవారు ప్రత్యేకముగా నెఱుగదగినవి. మొదటిది లెక్కపుస్తకము. సాహుకారుకు చిట్టా వేదవాక్యము, న్యాయస్థానమునకు గాదు. క్రమముగా వ్రాసిన లెక్క సాక్ష్యమే యైనను, కేవలము దానినిబట్టి యొకనిపై బాకీ మోపరాదని పూర్వపు సాక్ష్యచట్టము 34వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 28వ సెక్షనును అదియే చెప్పుచున్నది. బిల్లు, తూకపు చీటి, పుచ్చుకొన్నవాని సంతకము కావలెను. సామాన్యముగా బాకీ దావాకు గడువు మూడేండ్లు. గడువులోపల బాకీదారుడు వ్రాసి సంతకము చేసి యొప్పుకొనినచో నాటినుండి గడువు క్రొత్తగా లెక్కకు వచ్చును. రెండవది పొత్తు. అన్నదమ్ములము, వియ్యంకులము, మనకు పత్రమేలయని సాగించు వ్యాపారములు మనలో నెన్నియో కలవు. రిజిస్టరు కాని భాగస్వామ్యసంస్థ తన ఒడంబడికనుబట్టి యితరులపై దావా వేయజాలదని 69వ సెక్షను శాసించుచున్నది. బాకీ నిజమే, బాకీదారుడు ధనవంతుడే; అయినను తలుపు మూయబడియుండును.

పెద్దల తీర్పును చట్టము త్రోసివేసినదని తలపరాదు. 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టము ప్రకారము ఉభయులు వ్రాతమూలకముగా నొప్పుకొని పెద్దలను నియమించుకొన్నచో, వారు వ్రాసి సంతకము చేసిన తీర్పు డిక్రీవలె అమలగును. మధ్యవర్తుల సంఖ్య సరిసంఖ్య కారాదు. ఒక పక్షమునకు దగ్గఱి బంధువైనవాడు, తగవు పుట్టిన పిదప ఉభయులును వ్రాసియిచ్చి యొప్పుకొన్ననే తప్ప, మధ్యవర్తి కాజాలడని 2015లో చేర్చిన నియమము. కల్యాణిలో కులమునకు కడపటి స్థానమిచ్చిన మాటకు నిది యెంత సమీపమో పాఠకులు గమనింతురుగాక. ఉభయుల వ్రాతలేక నోట చెప్పిన పంచాయతీకి మర్యాద కలదు గాని అమలు లేదు. ఓడినవాడు మఱునాడు కాదన్నచో గెలిచినవానికి చేత నేమియు నుండదు.

లోక్ అదాలతులో రాజీపడిన తగవునకు 1987 నాటి చట్టముచే డిక్రీ బలము కలదు, అప్పీలు లేదు, కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా యేర్పడెను. 2022 జూన్ 2న క్రొత్త న్యాయజిల్లాలతోపాటు దీనికిని జిల్లా న్యాయస్థానము వచ్చెను. 2018 సవరణ ననుసరించి మూడు లక్షలకు తక్కువగాని వర్తకపు దావాలు వాణిజ్య న్యాయస్థాన చట్టము క్రిందికి వచ్చును. అత్యవసరమైన ఉత్తరువు కోరనిచో, దావాకు ముందే ఉభయులు మధ్యస్థునియెదుట రాజీయత్నము చేసి తీరవలెనని ఆ సవరణయే విధించెను. అది తప్పనిసరియని సుప్రీముకోర్టు 2022లో నిర్ణయించెను. నోటీసు పంపక, రాజీకి కూర్చుండక తొందరపడి వేసిన అట్టి దావా మొదటనే కొట్టివేయబడును.