బందీల విమోచనం – మూసా ఇబ్ను మైమూన్

యూదులు దానాన్ని 'సెదాకా' అంటారు. అరబీ 'సదఖా'కు ఇది సోదర పదం. హీబ్రూలో న్యాయమనే అర్థమూ ఇందులో ఇమిడి ఉన్నది.

1168లో సిలువ యోధులు ఈజిప్టులోని బిల్బైస్ పట్టణాన్ని కొల్లగొట్టి, అక్కడి యూదులను బందీలుగా పట్టుకున్నారు. ఫుస్తాత్‌లో నివసిస్తున్న మూసా ఇబ్ను మైమూన్ వారి విడుదల కొరకు చందాలు కోరుతూ యూద సమాజాలకు లేఖలు వ్రాశాడు.

సుమారు 1180 నాటికి ముగించిన 'మిష్నే తోరా'లో, బీదలకు అన్నవస్త్రాలివ్వడం కన్న బందీ విమోచనమే ముందని ఆయన విధించాడు. బందీ ఆకలిగొన్నవాడే, వస్త్రహీనుడే; పైగా ప్రాణాపాయంలో ఉన్నవాడు! ప్రార్థనాలయ నిర్మాణానికి తెచ్చిన రాళ్లు, దూలాలు సైతం ఇందుకై అమ్మవచ్చునట. కట్టి ముగించిన ఆలయాన్ని మాత్రం అమ్మరాదు.

మిష్నా కాలం నాటి మరొక నిబంధననూ ఆయన సడలించలేదు. ఇది వినడానికి కఠినమే: బందీకి తగిన వెలకు మించి చెల్లించరాదు, చెల్లిస్తే శత్రువులు మరింత మందిని పట్టుకోవడానికి వెంటపడతారు.