మైకోరైజా శిలీంధ్రాల్లో ఆక్సీకరణ ఒత్తిడి, యాంటీఆక్సిడెంట్ ఎంజైములు

మొక్కల వేళ్లతో శిలీంధ్రాలు ఏర్పరచుకునే సహజీవనాన్ని మైకోరైజా అంటారు. ఇందులో శిలీంధ్రం భాస్వరం, జింకు వంటి పోషకాలను మట్టి నుంచి సేకరించి మొక్కకు అందించి, ప్రతిగా మొక్క తయారుచేసుకున్న చక్కెరలను, కొవ్వులను పొందుతుంది. ప్రాణవాయువును వాడుకునే ప్రతి కణంలోనూ సూపర్‌ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడుతూనే ఉంటాయి. అవి కణం అదుపు దాటి పోగుపడి కొవ్వులను, ప్రోటీన్లను, డీఎన్ఏను దెబ్బతీసే స్థితి ఆక్సీకరణ ఒత్తిడి. వీటిని విరిచేసే రక్షకాలే యాంటీఆక్సిడెంట్ ఎంజైములు: సూపర్‌ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ సూపర్‌ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, ఆక్సిజన్‌గా మారిస్తే, కేటలేజ్ ఆ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. మైకోరైజా ఉన్న వేరులో ఇవి ఉన్నాయని చూపడం కష్టం కాదు. వాటిలో ఏది మొక్కది, ఏది శిలీంధ్రానిది అన్నది తేల్చడానికే పరిశోధకులకు దశాబ్దాలు పట్టింది.

ఈ అధ్యయనానికి మూలమైన రెండు శాస్త్రధారలు చాలాకాలం ఒకదానితో ఒకటి కలవలేదు. మైకోరైజా అన్న పేరును 1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ పెట్టాడు. మరోవైపు, 1938లో మాన్, కీలిన్ అనే శాస్త్రవేత్తలు ఎద్దు రక్తం నుంచి రాగి గల ఒక ప్రోటీన్‌ను వేరుచేసినా, అది చేసే పని ఏమిటో 1969 దాకా తెలియలేదు. అది సూపర్‌ఆక్సైడ్‌ను తొలగించే ఎంజైమని ఆ ఏడాది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ నిరూపించారు. 1983లో జపాన్ శాస్త్రవేత్త నోరియుకి డోకె, శిలీంధ్రాన్ని పోలిన ఒక తెగులు జీవి దాడి చేసినప్పుడు బంగాళాదుంప కణజాలం సూపర్‌ఆక్సైడ్‌ను వెలువరిస్తుందని చూపడంతో, ఈ రూపాలు మొక్క చేతిలోని ఆయుధాలన్న అభిప్రాయం బలపడింది. అలాంటప్పుడు వేరు లోపలికి చొచ్చుకువచ్చే మైకోరైజా శిలీంధ్రం ఆ ఆయుధాల మధ్య ఎలా బతుకుతోందన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది.

1993లో స్పెయిన్ పరిశోధకులు ఎర్ర క్లోవర్ వేళ్ల సారాన్ని జెల్ మీద నడిపి, మైకోరైజా లేని వేళ్లలో కనిపించని డిస్మ్యుటేజ్ పట్టీలు మైకోరైజా ఉన్న వేళ్లలో కనిపిస్తున్నాయని గుర్తించారు. 1996లో గ్రనడాకు చెందిన రూయిత్-లొథానో, అథ్‌కోన్, పాల్మా నీటి ఎద్దడికి గురిచేసిన లెట్యూస్ మొక్కల్లో ఈ ఎంజైము చురుకుదనాన్ని కొలిచి, కరువును తట్టుకోవడానికీ శిలీంధ్ర సాహచర్యానికీ ఉన్న సంబంధాన్ని ఈ వైపు నుంచి పరిశీలించారు. ఆ తరువాత ఇలాంటి కొలతలు అనేక పంటల మీద జరిగాయి. తెలుగు రైతులు వ్యామ్ అనే పేరుతో ఎరిగిన జీవన ఎరువు ఈ శిలీంధ్రాలదే కనుక ఈ ఫలితాలు ఇక్కడా ఆసక్తికరమే. అయితే ఎంజైము చురుకుదనం పెరిగితే మొక్క రక్షణ బలపడిందనీ అనుకోవచ్చు, ఒత్తిడే ఎక్కువైందనీ అనుకోవచ్చు. కాబట్టి కణాలకు జరిగిన నష్టాన్ని కూడా కొలవని ప్రయోగాల ఆధారంగా గట్టి నిర్ధారణకు రావడం సరికాదు.

1999లో జాల్ట్సర్, కోర్బియేర్, బోలర్ ప్రచురించిన అధ్యయనం ప్రశ్న రూపాన్నే మార్చింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నచోట గోధుమరంగు తేలే డయామినోబెంజిడిన్ అనే రసాయనంతో వారు మెడికాగో ట్రంకాటులా అనే మొక్క వేళ్లను తడిపి సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. ఆ రంగు వేరంతటా పరచుకోలేదు. వేరు కణంలో చెట్టుకొమ్మల్లా చీలి పోషకాలను మార్పిడి చేసే ఆర్బస్క్యూల్ అనే నిర్మాణాల్లోనూ, కణంలోకి చొరబడబోతున్న శిలీంధ్రపు పోగుల కొసల చుట్టూనూ అది కనిపించింది. ముఖ్యంగా కొమ్మలు తగ్గి ముద్దకట్టిన ఆర్బస్క్యూళ్లున్న కణాల్లో అది ఎక్కువగా ఉండగా, కణాల మధ్య ఖాళీలో పెరుగుతున్న పోగులకు మాత్రం రంగు పట్టలేదు. అంటే మొక్క పెరాక్సైడ్‌ను విచ్చలవిడిగా కాక, చోటెరిగి ఉత్పత్తి చేస్తోందన్నమాట.

శిలీంధ్రపు సొంత ఎంజైములకు తిరుగులేని సాక్ష్యం జన్యువుల నుంచే లభించింది. 2005లో ఇటలీలోని టొరీనోకు చెందిన లాన్‌ఫ్రాంకో, నోవెరో, బోన్‌ఫాంతే గిగాస్పోరా మార్గరీటా శిలీంధ్రంలో రాగి, జింకు గల డిస్మ్యుటేజ్ జన్యువును గుర్తించి, చిక్కుడు కుటుంబపు మొక్కలతో సహజీవనం చేసే దశలో దాని పని పెరుగుతుందని చూపారు. కానీ ఆర్బస్క్యూళ్లను ఏర్పరచే శిలీంధ్రాలు మొక్క తోడు లేకుండా తమ జీవితచక్రాన్ని పూర్తిచేసుకోలేవు, వాటిలో జన్యువును తొలగించి చూడడం అంతకన్నా కష్టం. ఆ లోటును 2009లో ఆయిడియోడెండ్రాన్ మాయుస్ అనే, ప్రయోగశాలలో విడిగా పెరగగల వేరొక రకపు మైకోరైజా శిలీంధ్రం కొంతవరకు తీర్చింది: అందులో డిస్మ్యుటేజ్ జన్యువును పనిచేయకుండా చేసినప్పుడు సిద్ధబీజాల ఉత్పత్తి తగ్గడమే కాక, వేళ్లతో జతకట్టే శక్తి కూడా సన్నగిల్లింది. సహజీవనానికి ఈ ఎంజైము కేవలం అలంకారం కాదని ఇంత సూటిగా చెప్పిన ప్రయోగాలు అరుదు.

మొక్క వైపు నుంచి సూపర్‌ఆక్సైడ్‌ను తయారుచేసే ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ ఎంజైముల మీద దృష్టి ఆ తరువాత మళ్లింది. 2013లో ఫ్రెంచ్ బీన్స్ మొక్కలో ఈ ఎంజైముల జన్యువుల్లో ఒకటైన ఆర్‌బీఓహెచ్-బీని అణచివేసినప్పుడు శిలీంధ్రం వేరులో మరింత విస్తరించింది. 2016లో మెడికాగోలో పరిశీలించిన ఆర్‌బీఓహెచ్-ఈ జన్యువు మాత్రం ఆర్బస్క్యూళ్లున్న కణాల్లోనే చురుగ్గా ఉండి, వేరులోకి శిలీంధ్రం విస్తరించడంలో పాలుపంచుకుంటున్నట్టు తేలింది. ఒకే కుటుంబానికి చెందిన జన్యువుల్లో ఒకటి శిలీంధ్రానికి హద్దు గీస్తుండగా మరొకటి దాని విస్తరణలో భాగమవుతున్నందున, చురుకైన ఆక్సిజన్ రూపాలను ఇప్పుడు ఆయుధాలుగానే కాక, రెండు జీవుల మధ్య సంకేతాలుగా కూడా పరిగణిస్తున్నారు.