టోర్ రిలే నడిపేవారి మీద కేసు పెట్టొచ్చా?

ఊళ్లో జరిగిన దాడి వీడియోను బయటపెట్టిన కుర్రాడి కోసం ముందు వెతికేది దాడి చేసినవాళ్లే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 15ఎ కింద సాక్షుల పేర్లు, చిరునామాలు బయటికి రాకుండా కోర్టు ఆదేశించవచ్చు. కానీ అది కేసు కోర్టుకు చేరాక. అంతకుముందు ఇంటర్నెట్‌లో జాడ దొరక్కుండా ఉండటానికి టోర్ ఒక దారి. ఆ దారిని నిలబెడుతున్నవి వాలంటీర్లు నడిపే కంప్యూటర్లు. వాటినే రిలేలు అంటారు.

టోర్‌లో సమాచారం మామూలుగా మూడు రిలేల మీదుగా పోతుంది. మొదటిదానికి పంపినవారి ఐపీ అడ్రస్ తెలుసు, గమ్యం తెలియదు. చివరిదైన ఎగ్జిట్ రిలేకి గమ్యం తెలుసు, పంపినవారు తెలియదు. వెబ్‌సైటుకు కనిపించేది ఎగ్జిట్ ఐపీ ఒక్కటే. కాబట్టి ఎవరో బెదిరింపు రాసినా పోలీసులు తట్టేది ఎగ్జిట్ నడిపేవారి తలుపే.

2017 ఏప్రిల్‌లో మాస్కోలో ఇంటి నుంచి ఎగ్జిట్ నడుపుతున్న ఒక లెక్కల టీచర్‌ను అల్లర్లకు పిలుపునిచ్చాడంటూ అరెస్టు చేశారు. జైలు, ఆ తర్వాత గృహనిర్బంధం. 2018 మేలో ఆరోపణలు ఎత్తేశారు. ఆస్ట్రియాలో 2014లో ఎగ్జిట్ నడిపిన మరో యువకుడికి నేరానికి తోడ్పడ్డాడంటూ సస్పెండెడ్ శిక్ష పడింది. అక్కడ ప్రాసిక్యూషన్ అతని పాత చాట్ మాటలను కూడా వాడుకుంది. రిలే నడిపేవారు సరదాకి కూడా "ఎవరు దేనికి వాడుకున్నా నాకేంటి" అని రాయకూడదని మేం చెప్పేది ఇందుకే.

మన దేశంలో టోర్ వాడటాన్ని గానీ రిలే నడపడాన్ని గానీ నేరమని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. ఐటీ చట్టం సెక్షన్ 79 మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది. షరతులేమిటంటే సమాచారాన్ని మీరు మొదలుపెట్టకూడదు, ఎవరికి చేరాలో ఎంచకూడదు, అందులో ఏదీ ఏరకూడదు, మార్చకూడదు, తగిన జాగ్రత్త పాటించాలి. ఎగ్జిట్ చేసే పని సరిగ్గా ఇదే. మనవాళ్లను కులం పేరుతో తిట్టేవాడూ అదే ఎగ్జిట్ గుండా పోవచ్చు. వాడిని ఆపాలని ట్రాఫిక్‌లోకి తొంగిచూసి ఏరడం మొదలుపెడితే ఈ రక్షణే బలహీనపడుతుంది. మింగుడుపడని మాటే, కానీ చట్టం అలాగే ఉంది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. మధ్యవర్తినని రక్షణ అడిగితే మధ్యవర్తి బాధ్యతలూ మెడకు చుట్టుకుంటాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మధ్యవర్తులు 180 రోజుల లాగ్‌లు దాచాలి. వీపీఎన్ కంపెనీలైతే వినియోగదారుల వివరాలు ఐదేళ్లు ఉంచాలి. ఆదేశాలు పాటించకపోతే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. లాగ్‌లు దాచకపోవడమే టోర్ పద్ధతి. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు.

నిర్దోషి అని తేలేలోపు ల్యాప్‌టాప్, ఫోన్ స్టేషన్‌లో ఉంటాయి. లాయర్ ఫీజు కట్టగలిగినవాళ్లకు అది ఇబ్బంది, అద్దె గదిలో ఉండే మన విద్యార్థికి చదువే ఆగిపోతుంది. అందుకే ఇంటి కనెక్షన్ మీద ఎగ్జిట్ నడపొద్దు. పోలీసులు వస్తే ఫలానా తేదీన ఆ ఐపీ టోర్ రిలేనే అని టోర్ ప్రాజెక్టువారి ఎగ్జోనరేటర్ పేజీలో చూపించవచ్చు. పరికరాలు తీసుకుంటే పంచనామా నకలు, హ్యాష్ విలువ రాతపూర్వకంగా అడగండి. సాయపడాలనుంటే బ్రిడ్జి గానీ మధ్య రిలే గానీ నడపండి. వాటి ఐపీ గమ్యంలో కనిపించదు.