పూతలపట్టు మునసబు, మార్బరీ కాగితం

పూతలపట్టు మనిషి కోర్టుకు పోతానంటే చిత్తూరుకు పోతానని అర్థం. ఈ దారి పాతదే. 1802లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కోర్టుల పద్ధతి పెట్టింది. వాటిపై అప్పీళ్లు వినే నాలుగు ప్రొవిన్షియల్ కోర్టుల్లో ఒకటి చిత్తూరుకు దక్కింది. తక్కినవి మచిలీపట్నం, తిరుచిరాపల్లి, తెల్లిచేరి. 1816లో మన్రో సంస్కరణలతో ఊరి మునసబుకు చిన్న చిన్న అప్పుల తగాదాలు తీర్చే అధికారం వచ్చింది.

ఆ రోజుల్లోనే అమెరికాలో దాదాపు అలాంటి చిన్న పదవి కోసమే ఒక పెద్ద కేసు నడిచింది. 1801లో దిగిపోతూ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ విలియం మార్బరీని జస్టిస్ ఆఫ్ ది పీస్‌గా నియమించాడు. సంతకం అయింది, ముద్ర పడింది, కాగితం మాత్రం చేతికి అందలేదు. కొత్త ప్రభుత్వం ఇవ్వనంది. మార్బరీ నేరుగా సుప్రీంకోర్టుకెక్కాడు. 1803లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పాడు: పదవి మీద హక్కు ఇతనిదే, కానీ ఇలా నేరుగా విని ఇప్పించమని మాకు అధికారమిచ్చిన 1789 చట్టంలోని సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధం, చెల్లదు. మార్బరీకి పదవి రాలేదు. చట్టసభ చేసిన చట్టాన్ని కొట్టేసే అధికారం కోర్టుకు స్థిరపడింది. అప్పటి చిత్తూరు జడ్జీలకు కంపెనీ రెగ్యులేషన్ చెల్లదనే హక్కు లేదు. నా దృష్టిలో రెండు వ్యవస్థల మధ్య అసలు తేడా అదే.

మరో తేడా ఉంది. మనకు చిత్తూరు, అమరావతి, ఢిల్లీ అని ఒకే నిచ్చెన. అక్కడ రెండు నిచ్చెనలు. విడాకులు, ఆస్తి తగాదాలు రాష్ట్ర కోర్టుల్లో. పేటెంట్, దివాలా కేసులు ఫెడరల్ కోర్టుల్లో. అక్కడున్న మన పిల్లలు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

1947 తర్వాత మనవాళ్లు చట్టాలను కొట్టేసే అధికారాన్ని కోర్టులకు రాసిచ్చారు. అమెరికావారి ‘డ్యూ ప్రాసెస్’ (న్యాయమైన పద్ధతి) అన్న మాటను మాత్రం వదిలేశారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసి వచ్చాక ఆ మాటపై అనుమానం బలపడింది. చిత్తూరులో వకీలుగా పనిచేసిన అనంతశయనం అయ్యంగార్ సభ్యుడిగా ఉన్న రాజ్యాంగ సభే, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణలో ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అని రాసింది. ఆ జంకు ఖరీదైంది. 1950లో మద్రాసు రాష్ట్ర నిర్బంధంలో ఉన్న ఎ.కె.గోపాలన్ కేసులో, చట్టమంటూ ఉంటే చాలు, అది న్యాయమైనదా అని అడగక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది.

అలా మూసుకున్న తలుపు తెరవడానికి మొదట చెయ్యి వేసినవాళ్లలో ఒక తెలుగువాడున్నాడు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1967 గోలక్‌నాథ్ తీర్పులో, పాత రాజ్యాంగ సవరణలను కదపకుండా ఇకముందుకే వర్తించే తీర్పు ఇవ్వవచ్చన్న సూత్రాన్ని అమెరికా కోర్టుల నుంచే తెచ్చారు. నాకు అంతకంటే గొప్పగా తోచేది 1962 నాటి ఖరక్‌సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్ పోలీసులు అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు తట్టి, మనిషి ఉన్నాడో లేడో చూసి పోయేవారు. ఆ రాత్రి సోదాలు తప్పని కోర్టు ఒప్పుకుంది గాని, గోప్యత ప్రాథమిక హక్కు కాదంది. అవును, హక్కేనని సుబ్బారావు విడిగా రాశారు. జస్టిస్ షా తోడు నిలిచారు. ఆరుగురిలో ఇద్దరే.

1978లో మేనకా గాంధీ కేసులో, చట్టం చెప్పే పద్ధతి న్యాయంగానూ ఉండాలని సుప్రీంకోర్టు అంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. సుబ్బారావు చనిపోయి అప్పటికి నలభై ఏళ్లు దాటింది.