గోదావరీ రైలుమార్గ చరిత్రమునకుఁ బ్రమాణములు

శిలాశాసనములు, తామ్రశాసనములు, నాణెములు, తాళపత్రగ్రంథములు దేశచరిత్రమునకుఁ బ్రమాణములని పండితులెల్లరు నంగీకరించినదే. ఒక శాసనము పగిలి గోడలోఁ గలిసిపోయినదని విన్నచో విచారించువారు పెక్కండ్రు గలరు. కాని నిన్నమొన్నటి చరిత్రమునకు సాక్ష్యము పలుకు కాగితములు చెదలపాలగుచుండఁగా విచారించువా రరుదు. అవి యింకను బ్రాఁతవి కాలేదని యుపేక్ష. ఆ యుపేక్షవలననే యవి ప్రాఁతబడకమునుపే నశించుచున్నవి. ఆంధ్రదేశమునందలి రైలుమార్గముల చరిత్ర మిట్టి యపాయమున నున్నది.

ఏనుఁగుల వీరాస్వామయ్య 1830 మే నెలలోఁ జెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేఱి, 1831 సెప్టెంబరులోఁ దిరిగి వచ్చెను. పల్లకిబోయీలతో సాగిన యా యాత్రలో నెచ్చట విడిసిరి, యే నదిని నెట్లు దాఁటిరి యనునది యాతని గ్రంథమువలనఁ దెలియుచున్నది. రైలుమార్గములు వచ్చిన పిమ్మటఁ బ్రయాణించిన లక్షలాది జనులలో నట్లు వ్రాసినవారు మిక్కిలి తక్కువ. కావున నాయాకాలములందు దీసిన ఛాయాచిత్రములను, వ్రాసిన పటములను, కార్యాలయపత్రములను జేర్చి చదువుకొనవలసియున్నది. ఈ మూఁటిలో నేదియు నొంటిగాఁ జాలదు. ఒకదాని కొఱఁతను వేఱొకటి పూరించును. ఒకదాని పొరపాటును వేఱొకటి దిద్దును. గోదావరీతీరమందలి మార్గము లిందుకు మంచి నిదర్శనము.

ధవళేశ్వరముకడ నానకట్ట 1852 నాఁటికిఁ బూర్తియయ్యెను. దానిని గట్టించిన సర్ ఆర్థర్ కాటను రైలుమార్గములకంటె జలమార్గములే దేశమునకు మేలని వాదించినవాఁడు. అందుచేత డెల్టాసీమలోఁ గాలువలే చిరకాలము రాకపోకలకు మార్గములై యుండెను. పిదప ఈస్టుకోస్టు స్టేటు రైల్వే బెజవాడనుండి కటకమువఱకు 1893-1896 సంవత్సరముల నడుమఁ దెఱవఁబడెను. కాని యప్పటికి గోదావరిపై వంతెన లేదు. కొవ్వూరు నొక గట్టునను, రాజమహేంద్రవరము వేఱొక గట్టునను నుండఁగా, నడుమ నదిని జలయానములచేతనే దాఁటవలసియుండెను. 1897 నవంబరు 11వ తేదీన వంతెనపని యారంభింపఁబడి, 1900 ఆగస్టు 30వ తేదీన రాకపోకలు మొదలయ్యెను. గంగపైఁ గాశికడ డఫరిన్ వంతెనను గట్టిన వాల్టన్ అను నింజనీరే దీనికిని నిర్వాహకుఁడు. రాతిస్తంభములపై నినుపదూలములు నిలిపి, యొక్కొక్కటి 150 అడుగులు గల 56 అంకణములుగా దీనిని గట్టిరి. అప్పటి మద్రాసు గవర్నరు పేర నిది హేవ్‌లాకు వంతెన యని ప్రసిద్ధి కెక్కెను. దాదాపు నూఱేండ్లు సేవచేసి, 1997లో విశ్రాంతి నొందెను.

ఈ వృత్తాంతము తెలిసినవానికిఁ దేదీలేని ఛాయాచిత్రము సైతము కాలమును జెప్పఁగలదు. రాజమహేంద్రవరముకడ గోదావరిని జూపు చిత్రమున సగము లేచిన స్తంభములవరుస యున్నచో నది మొదటి వంతెన గట్టునాఁటిది, అనఁగా 1897-1900 నడుమటిది, కావచ్చును. పూర్తియైన మొదటి వంతెన యున్నచో 1900కుఁ బూర్వపుది కాదు. పైని బాటయుఁ గ్రిందను రైలుపట్టాలును గల రెండవ వంతెనపై వాహనములు పోవుచున్నచో 1974 నాఁటిదో, తరువాతిదో యగును. విండ్లవలె వంగిన కమానుల మూఁడవ వంతెనపై రైలు గానవచ్చినచో 1997కు ముందటిది కాఁజాలదు. అయితే, చిత్రమున వంతెనయే కానరాలేదు గావున 1897కుఁ బూర్వపుదని నిర్ణయించుట సాహసము. చిత్రము దీసినవాఁడు వేఱొక దిక్కునకుఁ దిరిగియుండవచ్చును. కానరానంతమాత్రమున లేదనరాదు, అనుపలబ్ధి ప్రమాణమగుటకు యోగ్యత కావలయునని తార్కికు లెఱుఁగుదురు. మఱియు గాజుపలకనుండి ప్రతి దీయునపుడు పలక తిరుగఁబడినచోఁ గుడియెడమలు మాఱును. అప్పుడు కొవ్వూరిగట్టు రాజమహేంద్రవరపుగట్టుగాఁ దోఁచును.

తాళపత్రగ్రంథమునకు నాశ్వాసాంతగద్య యెట్టిదో ఛాయాచిత్రమునకు వెనుకవైపట్టిది. చిత్రము దీసిన యంగడి ముద్ర, పెన్సిలుతో వ్రాసిన యూరి పేరు, చేతులుమాఱిన తేదీ యచ్చటనే యుండును. చిత్రమును మాత్రము ప్రతిదీసి వెనుకవైపును విడుచుట గద్యను విడిచి గ్రంథమును బరిష్కరించుటవంటిది. నేఁడు యంత్రసహాయమున నొక్క దినమున వందలకొలఁది చిత్రములకుఁ బ్రతిబింబములు దీయవచ్చును. కాని యే చిత్ర మెవరియింటిలో, నే పెట్టెలో, వేని నడుమ దొరకెనో వ్రాయనిచో నా ప్రతిబింబములు పేరులేని చాటుపద్యములవలె నెవరికిఁ దోఁచినట్లు వారు చెప్పుకొనుట కెడమిచ్చును.

పటముల విషయమున జాగరూకత యంతకంటె నవసరము. పటము ముద్రించిన సంవత్సరము వేఱు, భూమిని గొలిచిన సంవత్సరము వేఱు. కట్టఁదలఁచిన మార్గమును జుక్కలగీఁతతోఁ జూపుట గలదు. దానినే కట్టిన మార్గమని భ్రమించి వ్రాసినచోఁ బుట్టని బిడ్డకు జాతకము వ్రాసినట్లగును. కాకినాడ-కోటిపల్లి మార్గ మిందుకుఁ దగిన యుదాహరణము. రామచంద్రాపురము, ద్రాక్షారామముల మీఁదుగా సుమారు 45 కిలోమీటర్లు గల యీ మార్గము 1928లో నేర్పడెను. రెండవ ప్రపంచసంగ్రామకాలమున, 1940లో, యుద్ధావసరములకై దీని పట్టాలు తీసివేయఁబడెను. మరల నిచ్చట రైలు నడచుట 2004లో. 1928కుఁ బిమ్మట 1940కి ముందు గొలిచిన పటమును మాత్రమే చూచినవాఁడు 1950లోఁ గూడ నచ్చట రైలు నడచినదని వ్రాయును. ఆ తరువాతి పటమును మాత్రమే చూచినవాఁడు 2004కు ముందా సీమకు రైలే లేదని వ్రాయును. ఇద్దఱును పటమునే ప్రమాణముగాఁ జూపుదురు, ఇద్దఱును బొరపడుదురు.

వ్యాకరణమున లోపమనఁగాఁ గానరాకుండుటయే కాని సర్వనాశము గాదు. ప్రత్యయము లోపించినను దానివలనఁ గలుగవలసిన కార్యము నిలుచును. కోటిపల్లి మార్గమున నినుము పోయినను గట్లకై తీసికొన్న భూమి, యా భూమికి మేరలు చూపు పటములు, గ్రామపు లెక్కలలో మాఱిన సర్వేనంబరులు రైలు పోయిన పిమ్మటను మాటలాడఁగల సాక్షులు. పట్టాల నొక దినమునఁ బెఱికివేయవచ్చును. గ్రామలెక్కలలోఁ బడిన గీఁత యంత సులభముగఁ జెఱుగదు. అట్టి పత్రములుగూడ నశించిననాఁడే యది నిజమైన నాశము.

ఇఁక కార్యాలయపత్రముల మాట. గోదావరి వంతెన యున్నచోటనే యున్నను దాని యజమానులు పలుమాఱులు మాఱిరి. ప్రభుత్వపు ఈస్టుకోస్టు రైల్వేలోని దక్షిణభాగము 1901లో మద్రాసు రైల్వేకుఁ జెందెను. 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే యేర్పడెను. 1944లో దానిని బ్రభుత్వము వశపఱచుకొనెను. 1951లో దక్షిణ రైల్వేయు, 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణమధ్య రైల్వేయు నేర్పడెను. 2019లో దక్షిణకోస్తా రైల్వే ప్రకటింపఁబడెను. యజమాని మాఱినప్పుడెల్లఁ గార్యస్థానము మాఱును. కార్యస్థానము మాఱినప్పుడెల్లఁ గాగితములకట్ట లొకగదినుండి వేఱొకగదికిఁ బోవును. ఆ పయనమునఁ గొన్ని చేరును, కొన్ని చేరవు. కంపెనీలతో జరిగిన యుత్తరప్రత్యుత్తరములను వెదకువాఁడు లండనునందలి బ్రిటిషు గ్రంథాలయమున ఇండియా ఆఫీసు పత్రములను, డిల్లీలోని జాతీయ పత్రాగారమును, మద్రాసు ప్రభుత్వపుఁ బత్రములకై చెన్నపట్టణమునందలి తమిళనాడు పత్రాగారమును జూడవలసియుండును.

స్థానియొక్క ధర్మము లాదేశమునకును వచ్చునని వైయాకరణు లందురు. ఆ న్యాయమునఁ బూర్వపుఁ గంపెనీ పత్రములను గాపాడు భారము తరువాతి సంస్థపై నుండఁదగును. కాని యక్షరము నాశ్రయించిన విధులయందా న్యాయము చెల్లదు. పత్రాగారముల సూచికలఁ జూచుట యట్టి యక్షరాశ్రయకార్యమే. కాకినాడ యని వెదకువానికిఁ గోకనాడ యని వ్రాసిన కట్ట దొరకదు. విజయవాడ యని వెదకిన బెజవాడ దొరకదు. విశాఖపట్టణపు స్టేషను వాల్తేరు పేరనే పెక్కేండ్లు నడచెను. కావున నాయాకాలములందుఁ జెల్లిన పేరులను, వాని యాంగ్లేయపు వర్ణక్రమములతోఁ గూడ, నొక పట్టికగా వ్రాసికొనుట పరిశోధకునకు మొదటి పని. పేరులచరిత్రము భాషాపండితుల సొత్తు గనుక నిచ్చట వారి సాయము రైలు నెఱిఁగినవారి సాయముకంటెఁ దక్కువ కాదు.

ఈ మూఁడు ప్రమాణములను జేర్చి చదువుటవలనఁ గలుగు ముఖ్యఫల మొకటి గలదు. పత్రములయందు గవర్నరు పేరు నిలిచినది. ఇంజనీరు పేరు నిలిచినది. అంకణముల సంఖ్య నిలిచినది. మూఁడేండ్లలోపల నంతటి నదికి వంతెన గట్టిన కూలివారి పేరులు నిలువలేదు. నిర్మాణకాలపు ఛాయాచిత్రములలో రాళ్లు మోయువారును, త్రాళ్లు లాగువారును గానవత్తురు. కాని క్రిందఁ బేరుండదు. దినకూలి లెక్కలలోఁ బేరుండవచ్చును; అచ్చట ముఖముండదు. లెక్కలు తీఱిన పిమ్మట మొదటఁ బాఱవేయఁబడునవి యా పట్టీలే. వ్యర్థములని తోఁచు కాగితములే పేదవానికి శాసనము లని గ్రహించినచోఁ జరిత్రకారుఁడు వేనిని ముందుగాఁ గాపాడవలయునో తెలియును. దానశాసనమున రాజు పేరుతోఁబాటు దానిని జెక్కిన శిల్పి పేరుగూడఁ గొన్నిచోట్లఁ గనఁబడును. వంతెనకట్టిన కూలివారి కంతపాటి గౌరవమును జరుగలేదు.

చేయవలసిన పని కష్టమైనది గాదు. స్టేషనులు క్రొత్తగాఁ గట్టఁబడుటకు ముందే వాని గోడలను, నామఫలకములను, గంటలను జిత్రములుగాఁ దీసి తేదీ వ్రాయవలయును. పని విరమించినవారి యిండ్లలోనున్న కాలపట్టికలను, ఉద్యోగపత్రములను, కుటుంబచిత్రములను వారియొద్దనే యుంచి ప్రతులు దీసికొనవచ్చును. వృద్ధులు చెప్పినది వారి మాటలలోనే వ్రాసికొని, పటముతోను బత్రముతోను సరిచూచి, భేదమున్నచో రెంటిని నుంచవలయును. పాఠాంతరమును దాఁచుట పరిష్కర్తకుఁ దగదు. పట్టాలదాపున నున్న ప్రతి యున్నతపాఠశాలలో నొక పండితుఁడు తన యూరి స్టేషనును మాత్రమే చూచుకొన్నను గొలఁదికాలములో నొక సీమచరిత్ర మేర్పడును.

తెలుఁగుదేశమున కిది క్రొత్తపద్ధతి గాదు. కర్నల్ మెకంజీకొఱకుఁ గావలి సోదరులు మొదలైనవారు గ్రామగ్రామము తిరిగి కరణముల కవిలెలనుండి కైఫీయతులు వ్రాయించిరి. అవి శిథిలమగుచుండఁగా బ్రౌనుదొర వానికిఁ బ్రతులెత్తించెను. ఆ రెండు పనులు జరుగకున్నచోఁ బెక్కు గ్రామముల పూర్వవృత్తాంతము నేఁ డొక్క వాక్యమైనను దెలియదు. నాఁటి కరణముచేతిలో కవిలె యెట్టిదో, స్టేషనుమాస్టరుచేతిలో దినచర్యపుస్తక మట్టిది. కవిలెలను వెదకి తిరిగిన పాదము లాంధ్రదేశమున నున్నవి; స్టేషనుపుస్తకముల కింకను నట్టివారు కావలసియున్నారు.