ఎఫెసు నాణెములపై అర్తెమి

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయాన్ని ఈసారి ఎఫెసు నాణెములను పక్కన పెట్టుకొని చదవమని పాఠకులను కోరుతున్నాము.

క్లౌదియ చక్రవర్తి (క్రీ.శ. 41–54) కాలంలో ఆసియా రాష్ట్రంలో చెలామణి అయిన ఒక వెండి నాణెం విలువ మూడు దేనారములు. ఒకవైపు చక్రవర్తి తల, మరోవైపు అర్తెమి గుడి. గుడికి నాలుగు స్తంభాలే చెక్కి, నడుమ విగ్రహం కనబడేలా చోటు వదిలారు. నీరో (54–68) నాటి నాణెంపైన ఎఫెసీయులు తమను ‘నెయోకోరోస్’ అని చెప్పుకున్నారు. అంటే గుడిని కాచేవారు. 35వ వచనంలో కరణము వాడిన గ్రీకు మాట అదే. మన తెలుగు బైబిలులో అది ‘ధర్మకర్త’.

ఆ పట్టణంలో విశ్వసించినవారు యాభై వేల వెండి రూకల విలువైన మాంత్రిక పుస్తకాలను కాల్చివేశారు. నాణెములను ముట్టవద్దని పౌలు చెప్పినట్టు మాత్రం ఎక్కడా లేదు. కూలి పుచ్చుకోక, రొట్టె కొనక వారు బ్రతకలేరు గదా! విగ్రహము వట్టిదని బోధించే కొరింథీయుల మొదటి పత్రికను పౌలు ఎఫెసులో ఉండే వ్రాశాడు (16:8).

దేమేత్రి చేతిలోనూ విశ్వాసి చేతిలోనూ ఆడినది ఒకే డబ్బు. రాబడి పోతుందన్న దేమేత్రి భయమే చివరికి పట్టణమంతటి చేత రెండు గంటలు దేవత పేరు కేకలు వేయించింది. మన రాబడికి దెబ్బ తగిలిన రోజు మన నోట ఎవరి పేరు వస్తుందో, ప్రతి కుటుంబం ఆలోచించుకోవాలని మా మనవి.