మందుల షాపు పెరుగులోకి జామ్ వచ్చిన కథ

సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో రంగురంగుల కప్పుల్లో కనిపించే యోగర్ట్‌ని ఒకప్పుడు మందుల షాపుల్లో అమ్మారు. 1919లో బార్సిలోనాలో ఐజాక్ కరాసో అనే వ్యాపారి పేగు జబ్బులతో తీసుకుంటున్న పిల్లల్ని చూసి, ప్యారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి తెప్పించిన సూక్ష్మజీవులతో పాలు తోడుపెట్టించాడు. కొడుకు డేనియల్ ముద్దుపేరే దానికీ పెట్టాడు: డానోన్. పండూ లేదు, రంగూ లేదు. ఉత్త పుల్లటి పెరుగు.

నా ఉద్యోగమంతా డెయిరీ ల్యాబులోనే గడిచింది. అందుకేనేమో, మనవరాలు స్ట్రాబెర్రీ కప్పు చేతికిచ్చి "ఇది ఒంటికి మంచిదేనా తాతయ్యా?" అన్నప్పుడల్లా నాకు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్ గుర్తొస్తాడు. పెద్దపేగులో కుళ్లు పుట్టించే బ్యాక్టీరియా విషం వల్లే ముసలితనం ముంచుకొస్తుందని, బల్గేరియా పల్లెవాసులు పుల్లపాలు తాగే నూరేళ్లు బతుకుతున్నారని ఆయన నమ్మాడు. ఆ పాలలోని జీవిని 1905లో జెనీవాలో చదువుకుంటున్న గ్రిగోరోవ్ అనే బల్గేరియా కుర్రాడు పట్టుకున్నాడు. మెచ్నికాఫ్‌కి 1908లో నోబెల్ వచ్చిన మాట నిజమే. అది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి వచ్చింది, పెరుగుకి కాదు. రోజూ పుల్లపాలు తాగినా ఆయన డెబ్బై ఒక్కేళ్లకే పోయాడు.

ఆ బల్గేరియా జీవి మనిషి పేగులో కాపురం పెట్టదని తర్వాత అమెరికాలో రెట్గర్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. జపాన్‌లో మినోరు షిరోటా ఈ సమస్యని మరోవైపు నుంచి పట్టుకున్నాడు. పేగుదాకా బతికి చేరే రకాన్ని 1930లో వేరుచేసి పెంచాడు. 1935 నుంచి అది యాకుల్ట్‌గా అమ్ముడవుతోంది. మన దగ్గర దొరికే 65 మిల్లీలీటర్ల సీసాలో ఆ జీవులు 650 కోట్లంటారు. సరే. పదార్థాల జాబితాలో చక్కెర కూడా ఉంది, అదీ చదవాలి.

నన్నడిగితే ఈ చరిత్రలో అసలు మలుపు 1947. యుద్ధానికి ముందు జామ్ కలిపిన పెరుగుకి ప్రాగ్‌లోని ఓ డెయిరీ పేటెంట్ తీసుకుంది కానీ, దాన్ని పెద్ద వ్యాపారంగా మార్చింది మాత్రం న్యూయార్క్. నాజీల బారినుంచి తప్పించుకుని అమెరికా చేరిన డేనియల్ కరాసో, 1942లో బ్రాంక్స్‌లో చిన్న పెరుగు కంపెనీ కొన్నాడు. పులుపు అమెరికావాళ్లకి ఎక్కలేదు. 1947లో కప్పు అడుగున స్ట్రాబెర్రీ జామ్ వేశారు, ఎక్కింది. మందు కాస్తా మిఠాయిల వరసలోకి వచ్చేసింది.

ఫ్యాక్టరీ పెరుగంటేనే చెడ్డదని కొందరి అభిప్రాయం. నేనలా అనను. పాలని 90 డిగ్రీల దగ్గర వేడిచేసి, 43కి చల్లార్చి తోడు వేసి, తగినంత పులవగానే చల్లబరుస్తారు. ఇంట్లో ఆడవాళ్లు వేలు ముంచి చూసి చేసే పనినే మేం థర్మామీటరుతో చేశాం. తేడా వచ్చేది ఆ తర్వాతే. ఉడికించిన పండుగుజ్జు, చక్కెర, స్టార్చ్, రంగు, వాసనద్రవ్యం. బ్రెజిల్‌లో కార్లోస్ మాంటీరో బృందం, ఎంత ప్రాసెస్ చేశారన్నదాన్ని బట్టి ఆహారాన్ని నాలుగు తరగతులు చేసింది: చప్పటి పెరుగు మొదటి తరగతిలో ఉంటే, వాసనలూ రంగులూ పడ్డ కప్పు నాలుగోదాంట్లోకి పోతుంది.

బ్రిటన్ దుకాణాల్లోని 900 రకాల యోగర్ట్‌ల మీద 2018లో లెక్క వేశారు. చప్పటి రకాల్లో వంద గ్రాములకి 5 గ్రాముల చక్కెర, అదీ పాలలో ఎలాగూ ఉండేదే. పిల్లల కోసమని అమ్మేవాటిలో 10.8. 'ఆర్గానిక్' అని గొప్పగా రాసుకున్నవాటిలో 13.1.

ఆరోగ్యం పేరుతో చెప్పిన గొప్పలకీ లెక్క చెప్పాల్సొచ్చింది. ఆక్టివియా పెరుగు, డాన్‌ఆక్టివ్ పానీయం ప్రకటనల మీద డానోన్ అమెరికా శాఖ 2010లో ప్రభుత్వంతో రాజీపడి, 39 రాష్ట్రాలకి 2.1 కోట్ల డాలర్లు కట్టింది. ఆక్టివియా రోజుకి ఒక కప్పుతో మలబద్ధకం పోతుందన్న మాట వదులుకుంది. మూడు కప్పులైతే చెప్పుకోవచ్చన్నారు.

మా ఇంటి పెరుగుని ప్రోబయోటిక్ అనను. ఫలానా రకం జీవి, ఫలానా మోతాదు, ఫలానా మేలు అని రుజువుంటేనే ఆ మాట వాడాలి. మజ్జిగన్నంలోకి ఆ బిరుదు అక్కర్లేదు కూడా. ఇక యోగర్ట్ పూత పూసిన కిస్‌మిస్ పొట్లాలంటారా, ఆ పూత చాలావరకు చక్కెర, నూనె, కాస్త పెరుగుపొడి. మా మనవరాలికి అదే ఎక్కువ ఇష్టం. కొనిపెడతాను, చాక్లెట్ లెక్కలో.